నా లాగిన్‌లో పనిచేసిన బటన్

ఏలూరులో చేపల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. చేరింది స్టోర్సు గుమాస్తాగా. రెండువేల సంవత్సరం దాటాక ఏడు కంప్యూటర్లు వచ్చాయి. వాటిని చూసుకునే మనిషి కావలసివచ్చి, లెక్కలు జాగ్రత్తగా చూస్తాడు కదా అని నన్ను కూర్చోబెట్టారు. నేర్పినవాళ్లు లేరు. పుస్తకం కొనుక్కుని, తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజర్లో వస్తూ పోతూ చదువుకున్నాను. నలభై ఆరేళ్ల వయసులో, ఎక్కువ రోజులు నిలబడి చదివిన చదువు.

ఒకసారి వైరస్ పట్టి మూడు రోజులు పని ఆగిపోయింది. ఆ తర్వాత రెండు మార్పులు చేశాను. ఆపరేటర్లు ఏ ప్రోగ్రామూ ఎక్కించడానికి వీల్లేకుండా వాళ్ల లాగిన్లకు అధికారాలు తగ్గించాను. పూర్తి అధికారం నా లాగిన్‌కి మాత్రమే. ఇక సిస్టమ్ అప్‌డేట్లు నెలకోసారి ఫోను లైను మీద నా మెషిన్‌లోకి దించుకుని, అక్కణ్ణుంచి మిగతా ఆరింటికీ వాటంతటవే వెళ్లేలా పెట్టాను. టైము మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పొద్దున కరెంటు ఉండదు, సాయంత్రం మెషిన్లు కట్టేస్తారు. ఒంటిగంటన్నరకి అందరూ భోజనాల దగ్గర ఉంటారు. అప్‌డేట్ ఎక్కగానే మెషిన్ ఆగి మళ్లీ మొదలవుతుంది కాబట్టి, ఆ టైములో ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను.

ఆ లెక్కలో ఒక మనిషి తప్పిపోయింది. రిపోర్టులు టైపు చేసే ఆవిడ, తివాచీలు నేసే ఇంటి మనిషి. తండ్రికి చూపు తగ్గి మగ్గం దిగాక ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది. కొల్లేటి ఊళ్ల రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకుని పొద్దున్నే దిగేవారు. రెండు గంటల కైకలూరు బస్సుకి రిపోర్టు వాళ్ల చేతిలో పడాలి. అందుకని ఆవిడ రెండు దాటితేనే క్యారేజీ తెరిచేది.

మొదటిసారి నేను భోజనం చేసి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది.

"సార్, మెషిన్ దానంతటదే ఆగిపోయిందండి. షీటంతా పోయింది. ఐదు నిమిషాల్లో ఆపేస్తానని తెర మీద పెట్టె వచ్చిందండి."

"అందులో 'తర్వాత' అని బటన్ ఉంటుందమ్మా. అది నొక్కాలి."

"నొక్కానండి. అది పలకట్లేదు."

పక్క సీటాయన అందుకున్నాడు. "దానిక్కూడా ఆకలేసుంటదమ్మా. నువ్వు తినవు, దాన్నీ తిననివ్వవు."

అందరూ నవ్వారు, నేను కూడా.

మరుసటి నెలా అదే జరిగింది, ఆ పై నెలా అదే. మూడోసారి మాత్రం పోయిన షీటు మళ్లీ కొట్టే హడావుడిలో ఒక రైతు చెరువు అమ్మోనియా 0.2 ఉండాల్సింది చేపలకి ప్రమాదమైన 2.0 అని పడింది. అంకె తప్పని తెలిసి ఆయన నాలుగో రోజున వచ్చాడు.

"రెండ్రోజులు నీటి ఇంజన్లు కట్టేయకుండా తిప్పానండి. చెరువు నీళ్లన్నీ మార్చేశాను. తీరా చూస్తే ముందు నీళ్లే బాగున్నాయంటారేంటండి?"

ఆయన వెళ్లాక మేనేజరు గారు నన్ను పిలిచారు. "మెషిన్‌లో లోపముంటే చెప్పండి. లేదంటే వచ్చే నెలాఖరుకి ఆవిణ్ణి పంపించేస్తాను."

నా సీట్లో నా లాగిన్‌తో చూశాను. అప్‌డేట్ ఎక్కించాను, పెట్టె వచ్చింది, 'తర్వాత' నొక్కాను, పోయింది. రిజిస్టరులో రాశాను: మెషిన్‌లో లోపం లేదు, టైపింగ్ పొరపాటు. కింద సంతకం పెట్టాను.

ఆవిడకి తెలిసింది. "రాసేశారా సార్," అంది, అంతే. వెళ్లి సీట్లో కూర్చుంది.

వారం తర్వాత రైల్లో నా అప్‌డేట్ల పుస్తకం తిరగేస్తున్నాను. ఏ తేదీన ఏది ఎక్కిందో అందులో రాసుకునేవాణ్ణి. చివరి మూడు తేదీలూ ఆవిడ షీటు పోయిన రోజులే. అప్‌డేట్ రోజున మెషిన్ ఆగడంలో వింత లేదు. బటన్ నొక్కడం మానేసి మూడుసార్లు ఎందుకు పోగొట్టుకుంటుంది? ఒక షీటుకి ఇరవైనాలుగు సీసాలు, సీసాకి ఐదు అంకెలు, మొత్తం నూట ఇరవై. ఆవిడ నిమిషానికి పది కొడుతుంది. అంటే పన్నెండు నిమిషాలు. మా ప్రోగ్రాం షీటు మొత్తం నిండితే తప్ప సేవ్ కానివ్వదు. పెట్టె ఇచ్చే గడువు ఐదు నిమిషాలు.

ఆ నెలాఖరుకి ఎనిమిది రోజులుందనగా తర్వాతి అప్‌డేట్ వచ్చింది. భోజనానికి వెళ్లకుండా ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"మీ లాగిన్‌తో తెరవండమ్మా. నేను కూర్చుంటాను."

పాస్‌వర్డు కొట్టి లేచింది. ఒంటిగంటన్నర దాటిన కాసేపటికి పెట్టె వచ్చింది. 'ఇప్పుడే' అన్న అక్షరాలు నల్లగా ఉన్నాయి. 'తర్వాత' బూడిదరంగులో వెలిసిపోయి ఉంది. నొక్కాను. మళ్లీ నొక్కాను. అంకెలు తగ్గుతూనే ఉన్నాయి. అధికారం లేనివాళ్లకి ఆ బటన్ పనిచేయదు. అధికారం తీసేసింది నేనే.

"మీకూ పలకట్లేదా సార్?" అంది వెనక నుంచి. అందులో ఎగతాళి ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

మెషిన్ ఆగి మొదలయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత మేనేజరు గారి గదికి వెళ్లి జరిగింది చెప్పాను.

"ఏవండీ లెక్కల మేష్టారూ, మరి లోపం లేదని సంతకం పెట్టారు కదండీ?"

"నా లాగిన్‌లో చూసి పెట్టానండి."

కాగితాలు సర్దుకున్నారు. "సరే, ఆవిణ్ణి ఉండమనండి," అన్నారు. ఆ మాట ఆవిడతో ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను.

ఎవరైనా లాగిన్‌లో ఉంటే మెషిన్ ఆగకూడదనే సెట్టింగు ఒకటుంది. ఒక టిక్కు. పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. నేను చదివిన పుస్తకంలో అది ఉంది, ఆ పేజీ అంతకుముందే రెండుసార్లు చదివాను.

ఉద్యోగం ఉందని తెలిశాక ఆవిడ సంతోషపడుతుందనుకున్నాను. క్యారేజీ మూత పెట్టి అడిగింది. "రిజిస్టరులో అది అలాగే ఉంటదాండి?"

కొట్టేయడానికి వీల్లేదు, పేజీలకి నంబర్లున్నాయి. అంకె తప్పు పడింది ఆవిడ చేతిలోనే, అది నిజం. ఆ వాక్యం కింద ఇంకో వాక్యం రాశాను: షీటు మూడుసార్లు పోవడానికి కారణం నేను పెట్టిన సెట్టింగు, ముందు రాసింది సరిగా చూడకుండా రాసింది. తేదీ వేసి సంతకం పెట్టాను. ఆవిడ నిలబడి మొత్తం చదివింది. "సరేనండి," అని వెళ్లి రెండో షీటు మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ అప్‌డేట్ రోజున ఆరు సీట్లలోనూ ఒక్కో లాగిన్‌తో కూర్చుని చూసేవాణ్ణి. సీటుకి ఇరవై నిమిషాలు, మొత్తం రెండు గంటలు. ఆ రోజు నా భోజనం మూడున్నరకి.