తాడు పక్కన నిలబడే మనిషి

ఆగయ్య గెలిచిన కొట్లాట ఒకటుంది. చూసినవాళ్లు చాలామందే. కానీ మిగతావాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూశారు, సారవ్వ ఒక్కతే చాయ్ వడపోస్తూ చూసింది. అందుకే ఆమె చెప్పిందే లెక్క.

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి పోయే దారి మలుపులో సారవ్వ హోటలు. హోటలంటే రేకులు, పొయ్యి, రెండు బల్లలు, ఆమె నోరు. ఆ వానకాలం రోజున హోటలుకు ఎదురుగా కాంట్రాక్టరు మనుషుల బండి ఒకటి నల్ల బురదలో ఇరుసుల దాకా కూరుకుపోయింది. దాన్ని గుంజడానికి వచ్చిన జీపు సారవ్వ తమ్ముడు జగదీశ్వర్‌ది. ముందు బంపరు మీద డ్రమ్ము, దాని మీద చుట్టిన ఇనుప తాడు, తాడు కొసకు కొక్కెం. మోటారు తిప్పితే డ్రమ్ము తాడును చుట్టుకుంటుంది, బురదలో ఉన్న బండి బయటికొస్తుంది. అదే విన్చి. ఆ రోజు తాడు కొక్కెం దగ్గర చిట్లి, తీగలు జెముడు ముళ్లలాగ లేచి ఉన్నాయి.

కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు పని చేసే నాని అనే కోస్తా పిల్లవాడికి కాలు నిలవడం లేదు.

"ముడేసి లాగెయ్యండి బాబాయ్. తాడేగా! దానికింత ఆలోచనేంటి?"

"ఇనుప తాడుకు ముడెయ్యద్దు బిడ్డా. వంగిన కాడ తీగలు ఇరుగుతయ్," అన్నాడు ఆగయ్య. అప్పటికే తాడును ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. "చెడిన మేరకు కోసి, కొసకు కొక్కెం తగిలించే కన్ను కొత్తగ అల్లాలె. కొంచెం సేపు ఓపిక పట్టు."

"ఓపికలు మీ బొగ్గు బాయిలో చూపించండి. చేతకాదంటే చెప్పండి, ఇంకో మనిషిని పిలుస్తా."

ఆగయ్య లేచాడు. కోపం లేదు, గొంతు పెంచిందీ లేదు.

"సరే, నువ్వన్నట్లే ముడేస్త. గని మా బాయిల ఒక పద్ధతున్నది. తాడు ఎవలి మాట మీద కట్టిండ్రో, మొదటి గుంజుడుకు వాళ్లు తాడు పక్కన నిలబడాలె. నా మాటైతే నేను నిలబడ్త. ఇది నీ మాట. రా, వచ్చి నిలబడు."

నాని తాడును చూశాడు, ముళ్లను చూశాడు, తన తెల్ల బూట్లను చూసుకున్నాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, "మీరు కోసే చెయ్యండి బాబాయ్. టైముదేముంది," అన్నాడు.

అందరికంటే ఎక్కువ నవ్వింది జగదీశ్వరే. తొడ చరిచి మరీ నవ్వాడు. "మా బావ ముంగట నిలబడేటోడు ఇంక పుట్టలేదు పో!" అన్నాడు. ఆ నవ్వును సారవ్వ ఇప్పటికీ మరిచిపోలేదు.

బావ అన్నంత మాత్రాన వాళ్లిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఒకే బాయిలో సగం బతుకు గడిపారు, అంతే. ఆగయ్యది మొదట వ్యవసాయం. ఊరి చెలక పొలాల కింద బొగ్గు పడితే నాగలి విడిచి బాయిలో దిగాడు. బొగ్గు టబ్బులు నింపాడు, తర్వాత టబ్బులను గుంజే ఇనుప తాడు పనికి వచ్చాడు. తెగిన తాడును అల్లడం, అరిగిన తాడును మార్చడం అతని పని. ఆ తాడును నడిపే హాలరు యంత్రం మీద జగదీశ్వర్ డ్రైవరు. అతను పైన, ఆగయ్య కింద. డ్యూటీలో ఒకరి మొహం ఒకరికి కనబడదు. కింద ఆగయ్య గంట కొడితే పైన జగదీశ్వర్ తాడు కదిలిస్తాడు. మళ్లీ కొడితే ఆపుతాడు. అల్లిక కొత్తదైన రోజు ఆగయ్య దాని పక్కనే నడిచేవాడు, తీగ లేస్తుందేమోనని లైటు వేసి చూసుకుంటూ. పైనున్నవాడు గంట వినకపోతే కిందున్న మనిషి లేడు. ఏళ్ల తరబడి ఒక్కనాడూ జగదీశ్వర్ గంట తప్పలేదు. ఇల్లు, పిల్లలు, పండుగ, పబ్బం, ఏది పంచుకున్నా లేకున్నా ఆ గంట పంచుకున్నారు.

జగదీశ్వర్‌ను పెంచింది సారవ్వే. తల్లి పోయినప్పుడు వాడు చెడ్డీ తొడుక్కోవడం కూడా రాని పిల్లగాడు. పెద్దవాడై బాయిలో చేరి, గోలేటిలో కొన్నాళ్లు చేసి, ఇక్కడికి వచ్చి ఇక్కడే రిటైరై దిగిపోయాడు. దిగిపోయాక పాత జీపు కొని విన్చి పెట్టించుకున్నాడు. వానకాలమొస్తే ఓపెన్‌కాస్టు దారుల్లో బండ్లు దిగబడడమే తరువాయి, వాడికి చేతినిండా పని. విన్చి మీట జగదీశ్వర్ చేతిలో, తాడు అప్పటికి తనూ దిగిపోయిన ఆగయ్య చేతిలో. గంట ఒక్కటే లేదు, దాని బదులు ఆగయ్య చెయ్యి ఎత్తితే చాలు.

జీపుకు తాడు వేసిన మొదటి ఏడాది ఆగయ్య సారవ్వ దగ్గరికి వచ్చాడు.

"వదినె, గడపకేసిన ఎర్ర రంగు ఏమన్న మిగిలిందా?"

"ఏం, నీ మీసాలకా?"

"మీసాలకు నలుపే దొరుకుత లేదు, ఎరుపెక్కడిది! తాడుకు. డ్రమ్ము మీద కడపటి చుట్లకు ఎరుపు పెట్టాలె. విప్పేటప్పుడు ఎరుపు అవుపడ్డదంటే ఇంక ఆపాలెనని గుర్తు."

అతను తాడు పట్టుకుంటే రంగు పూసింది సారవ్వే. గడపకు పూసినట్టే, కుంచె తిప్పి తిప్పి, తీగల సందుల్లోకి దిగేలా పూసింది. చేసే పని ఏదైనా సగం చేయడం ఆమెకు రాదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరిగిన ఏడాదికి ముందటి వానకాలంలో ఆ తాడు పాడైంది. ఈసారి కొస ఒక్కటే కాదు, కొక్కెం వైపు చాలా దూరం తీగలు చిట్లాయి. ఆగయ్య వేళ్లతో తడిమి, తల అడ్డంగా తిప్పాడు.

"కోస్తే ఒడవది బావా. మొత్తం మార్చాలె. మంచిర్యాలకు పోయి కొత్తది తే."

"తెస్త," అన్నాడు జగదీశ్వర్.

మరునాడు జీపు హోటలు ముందర ఆగింది. డ్రమ్ము నిండా తాడు, కొస గ్రీజుతో నిగనిగలాడుతోంది.

"నేను రాకముందే చుట్టినవేంది?" అని అడిగాడు ఆగయ్య. "కొత్త తాడును బిగువు మీద చుట్టాలె గద."

"బిగువు మీదనే చుట్టించిన. మోకాళ్లు నొస్తున్నయంటివి, ఎందుకు తిప్పలని. నువ్వు కన్ను అల్లు, చాలు."

"కొత్తదే గద?"

"నీ మీద ఒట్టు బావా, కొత్తదే."

ఆగయ్య ఇంకేమీ అడగలేదు. బల్ల మీద కూర్చుని పొడుగు ఇనుప సూదితో పురులు విడదీసి, ఒక్కొక్కటి దూర్చి, కొసకు కన్ను అల్లాడు. సారవ్వ అలవాటుగా ఒక గోనె సంచి తడిపి ఇచ్చింది. బిగిసిన తాడు మీద తడి గోనె వేస్తే, ఒకవేళ తెగినా తాడు ఎగరకుండా అణుస్తుంది.

బండి ఆ రోజు దూరంగా, మట్టి దిబ్బ దిగువన పడింది. తాడంతా విప్పితే తప్ప అందలేదు. ఆగయ్య గోనెను తాడు నడుమ పరిచి, కొక్కెం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అల్లిక తనది, తాడు మార్చాలన్న మాట తనది. నిలబడక ఏం చేస్తాడు? చెయ్యి ఎత్తాడు. జగదీశ్వర్ మీట నొక్కాడు. తాడు బిగిసింది, పాడింది, డ్రమ్ము దగ్గర టప్పున తెగింది. తెగిన పొడుగంతా ఇవతలికి విసురుగా వచ్చి ఆగయ్య కాలును మోకాలి కింద కొట్టింది. గోనె అడ్డం ఉండబట్టి కాలుతో పోయింది, లేకుంటే మనిషే పోయేవాడు.

దవాఖానలో కాలికి రాడ్లు వేశారు. మనిషి ఇంకా స్పృహలోకి రాకముందే ఊళ్లో మాట పాకింది: ఆగయ్య అల్లిన కన్ను ఊడిందట. ముసలోడైపోయాడు, చేతిలో పట్టు పోయిందట. హోటలుకొచ్చిన ప్రతివాడూ అదే అన్నాడు. ఎవరు చెప్పారంటే, జగదీశ్వరే చెప్పాడన్నారు. సారవ్వ కూడా నమ్మింది. తమ్ముడు కళ్లారా చూశాడు కదా మరి.

వాన తెరిపి ఇచ్చాక ఆమెకు తన గోనె సంచి గుర్తొచ్చింది. సారవ్వ మనిషిని క్షమిస్తుందేమో గానీ గోనె సంచిని విడిచిపెట్టదు. తమ్ముడి జీపు షెడ్డుకు వెళ్లింది. సంచి మూలన ఉంది, లోపల ఏదో చుట్టి ఉంది. గుంజితే తాడు జారిపడింది. కొక్కెంతో సహా.

కన్ను ఊడలేదు. అల్లిన పురులు అల్లినట్టే, కొక్కేన్ని కరుచుకుని ఉన్నాయి. తెగింది అవతలి కొసన, పిప్పిపిప్పిగా, ముళ్లు ముళ్లుగా. గ్రీజు అంటిన చేతిని ఆమె సంచికి తుడుచుకుంది, తాడును కూడా తుడిచింది. కొక్కేనికి నాలుగైదు మూరల ఇవతల, తీగల సందుల్లో ఎర్రగా కనబడింది. ఎవరో కిరసనాయిలుతో కడిగినట్టున్నారు, సందుల్లోది మాత్రం పోలేదు. తన గడప రంగు. డ్రమ్ము దగ్గర ఉండాల్సిన రంగు కొక్కెం దగ్గరికి ఎట్లా వచ్చింది?

వెనక నుంచి జగదీశ్వర్ అన్నాడు, "సంచి కోసం ఇంత దూరం నడిచినవా అక్కా? పంపకపోదునా."

"ఇది కొత్త తాడా?"

వాడు తేలు కుట్టిన దొంగలాగ నిలబడ్డాడు. ఆమె కళ్లలోకి చూసి, ఇక దాగదనుకున్నాడు.

"తిరగేసిన. చెడిన దిక్కు లోపలికి, మంచి దిక్కు బయటికి. బాయిల తిప్పి ఏస్తలేమా? ఏం కొత్త?"

"బాయిల తిప్పి ఏస్తే చెప్పి ఏస్తరు."

"మంచిర్యాలల ఆ సైజు దొరకలే. నాలుగు దినాలు ఆగుమన్నరు. ఆగితే ఇంకోడు జీపు పెడ్తడు, నా పని పోతది. ఒక్క వానకాలం ఎల్లుతదనుకున్న అక్కా."

"ఆయన తాడు పక్కన నిలబడ్తడని నీకు తెల్వదా?"

జగదీశ్వర్ షెడ్డు తలుపు దగ్గరికి వేశాడు.

"సరే, తెగింది. మరి కన్ను ఊడిందని ఎందుకు చెప్పినవ్ రా?"

"ఆయనది ఎట్లైన దిగిపోయిన పాణం. ఆయనకు పోయేదేముంది? తాడు పాతదని తెలిస్తే నా జీపును దారిల నిలవనియ్యరు."

సారవ్వ నోట్లో ఎన్ని తిట్లున్నాయో ఈ పట్నమంతటికీ తెలుసు. ఆ రోజు ఒక్కటీ రాలేదు. ఈ నోటికి అన్నం కలిపి పెట్టింది నేనే కదా అనుకుంది. తాడును మళ్లీ సంచిలో చుట్టి, సంచిని నెత్తికెత్తుకుంది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత, అది ఆడ పెట్టు," అంటున్నాడు వాడు. ఆమె వెనక్కి తిరగలేదు. దారి పొడుగునా ఒకటే ఆలోచన: ఇది చూపిస్తే తమ్ముడు పోతాడు, చూపించకుంటే ఆగయ్య పోతాడు.

ఇంట్లో ఆగయ్య నవారు మంచం మీద ఉన్నాడు. కాలు కట్టుతో తలగడ మీద ఉంది. చేతిలో బట్టలారేసే తాడు ముక్క. అల్లుతున్నాడు, రెండు చేతులతో గుంజి చూస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ అల్లుతున్నాడు.

"వచ్చిన కాడి నుంచి గిదే పని అక్కా," అంది అతని భార్య అనసూర్య మెల్లగా. "తిండి లేదు, మాట లేదు. కన్ను ఎట్ల ఊడిందో చూస్తున్నడట."

అది విన్నాక సారవ్వకు ఆలోచించేది ఏమీ మిగలలేదు. సంచి దించి, తాడును మంచం మీద పరిచింది.

"చూసుకో. నీ చేతిది ఊడలే."

ఆగయ్య ముందు కన్నును తడిమాడు. పురి పురికీ వేలు పెట్టి, బిడ్డ మొహం తడిమినట్టు తడిమాడు. తర్వాత ఇవతలికి జరుపుతూ వచ్చి ఎరుపు దగ్గర ఆగాడు. గోటితో గీరాడు. గోటికి అంటిన రంగును చాలాసేపు చూశాడు.

"నా మీద ఒట్టేసిండు వదినె," అన్నాడు.

"ఏసిండు."

"గంట కొడితే ఒక్కనాడు తప్పలే. నేను లోపల ఎన్నిసార్లు కండ్లు మూసుకుని కొట్టిన్నో." గోటి రంగును దుప్పటికి తుడుచుకున్నాడు. "నేను నిలబడేది ఆనికి తెలుసు."

అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారవ్వ లేచి నిలబడింది. "చెప్పు ఆగయ్యా. నా తమ్ముడని చూడకు. హోటలు కాడ పది మందిల నిలబెట్టి కడిగేస్త. పోలీసుల కాడికి పొమ్మన్నా పోత."

"అద్దు. ఆణ్ని తిట్టకు. నువ్వు తిడితే ఆనికి అల్కగైతది, తిట్లు పడ్డ, అయిపోయిందనుకుంటడు."

బట్టల తాడును పక్కన పెట్టి, తెగిన ఇనుప తాడును రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వు పోయి ఒక్క మాట చెప్పు వదినె. మంచిర్యాల నుంచి కొత్తది తెమ్మను. ఈ కాలు నేలకానినంక నేనే వచ్చి ఏస్త, బిగువు మీద చుట్టి, కన్ను అల్లి. ఎరుపు గూడ నువ్వే పెడుదువు. మొదటి గుంజుడుకు మీట నేను పట్టుకుంట. తాడు పక్కన ఆణ్ని నిలబడుమను. భయపడద్దని గూడ చెప్పు. చెయ్యి ఎత్తితే నేను ఆపుతనని చెప్పు."