కరుణమ్మ గారు అడిగిన ప్రశ్న

కరుణమ్మ గారు ప్రభువునందు నిద్రించారన్న వార్త మంగళవారం ఉదయం కొట్టు తెరుస్తుండగా వచ్చింది. అప్పుడు హోల్‌సేల్ వ్యాపారితో కందిపప్పు ధర దగ్గర గీచులాడుతున్నాను. నిశ్చేష్టుణ్ణై, అతను చెప్పిన రేటుకే ఒప్పేసుకున్నాను. మా వంశంలో అలాంటి అపచారం అదే ప్రథమం.

కెనడాలోని మా మిల్టన్ ఊరి తెలుగు క్రైస్తవులలో ఆమెను ఎరుగనివారు అరుదు. బాపట్ల ప్రాంతపు ఆడపడుచు. కొన్నేళ్ళ కిందట ఈ దేశంలోనే వేరే ఊళ్ళో, ఒక బడిలో భోజన సమయంలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం చేశారు. ఆ బడికే ఒకనాడు ఒక విద్యార్థి తుపాకీతో వచ్చాడు. ఆమె కొందరు పిల్లలతో సామాన్ల గదిలో, చీకట్లో, తలుపు బిగించుకుని ఉండిపోయారు.

ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పారు. "మోత ఆగగానే ఒక పిల్ల నా చెవిలో వాడి పేరు చెప్పింది అబ్బాయ్. వాడే అయ్యుంటాడు ఆంటీ అంది. మిగతా పిల్లలు కూడా అవునన్నారు. అందరికీ తెలుసు. ఒక్కళ్ళూ వాణ్ణి అడగలేదు. నేనూ రోజూ వాడి టేబుల్ తుడిచినదాన్నే."

పోలీసులు తలుపు తెరిచారు గాని, ఆమె ఆ గదిలోంచి సంపూర్ణంగా బయటపడలేదనే నా నమ్మకం. లిఫ్టు ఎక్కేవారు కారు. ప్రార్థనలో మేమంతా కళ్ళు మూసుకుంటే, ఆమె కళ్ళు తెరుచుకుని పిల్లల ముఖాలు పరిశీలించేవారు.

మా శుక్రవారపు గృహకూడికల్లో ప్రార్థన అంశాలు చెప్పుకోవడం ఆనవాయితీ. శాశ్వత నివాసానికి పీఆర్, కొన్న ఇంటి క్లోజింగ్, ఉద్యోగం ఇంటర్వ్యూ. పిల్లల విషయంలో అందరిదీ ఒకటే అంశం: చదువు. కరుణమ్మ గారు ఊరుకునేవారు కారు. "చదువు సరేనయ్యా. మీవాళ్ళు ఎవరిమీదైనా పగతో ఉన్నారా? చావు మాట ఎత్తుతున్నారా? ఇంట్లో తుపాకీ ఉందా?"

"ఆంటీ, ఇది ప్రేయర్ మీటింగా, పోలీస్ స్టేషనా?" అన్నాడొకాయన.

"అక్కడిదాకా పోకూడదనే. కూర్చో."

మా తమ్ముడు ప్రభాకర్ ఇంట్లో తుపాకీ ఉండేది, ఆఫీసు మిత్రులతో జింకల వేటకు కొన్నది. వాడి కొడుకు నిఖిల్ అప్పుడు పదకొండో గ్రేడు. తనను ఏడిపించే క్లాస్‌మేట్లకు "చూపిస్తా" అని ఫోన్లో అంటుంటే తల్లి విన్నది, కరుణమ్మ గారికి చెప్పింది. ఆమె వచ్చి నిఖిల్‌తో ఏకాంతంగా మాట్లాడారు. బయటికొచ్చి, పోలీసులకూ బడికీ చెప్పాల్సిందే అన్నారు. "అన్నా, బేరాలు నీకు తెలుసు, ఆవిణ్ణి ఆపు" అని తమ్ముడు నన్ను పంపాడు.

"అమ్మగారూ, తుపాకీ అమ్మించేస్తా. బడికి మాత్రం చెప్పొద్దు."

"కుదరదు."

"పోనీ, పరీక్షలయ్యేదాకా ఆగండి."

"కుదరదు."

"డాక్టరుకు చూపిస్తాం. పోలీసులొద్దు. పిల్లాడి జీవితం!"

"నువ్వు పరువుకి బేరమాడుతున్నావబ్బాయ్. ఇక్కడున్నది ప్రాణాలు. వాడిదీ, ఇంకొకళ్ళ పిల్లలవీ. కారు తియ్యి."

తక్కెడ పక్కనే తప్పటడుగులు నేర్చిన నేను బేరం వదిలేసి పోలీస్ స్టేషన్ వైపు కారు తీశాను. ఆ సాయంత్రమే పోలీసులు తుపాకీ పట్టుకెళ్ళారు. బడివాళ్ళు కౌన్సెలర్‌ను పెట్టారు, వైద్యం మొదలైంది.

తమ్ముడు చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. అయినా ఆమె సెలవురోజు మధ్యాహ్నాలు క్యారియర్ పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళి, నిఖిల్ ఎదురుగా కూర్చుని భోంచేసేవారు. "చెప్పేసి పోతే అది ఫిర్యాదు. చెప్పాక పక్కన కూర్చోవాలి" అనేవారు. వాడు తల ఎత్తకుండా ఫోన్ చూసుకునేవాడు. ఆమె వెళ్ళడం మానలేదు.

భూస్థాపన నాడు నిఖిల్ కాలేజీ నుంచి వచ్చాడు. పేటిక దించాక నా పక్కన నిలబడి అన్నాడు: "పెదనాన్నా, మీరంతా తిన్నావా, చదివావా అనే అడిగారు. ఆంటీ ఒక్కరే స్ట్రెయిట్‌గా అడిగారు, ఎవర్నైనా చంపాలనుకుంటున్నావా అని."

"నువ్వేమన్నావురా?"

"యెస్ అన్నాను."

ఆ జవాబు విన్న తర్వాత కూడా వాడి పక్కనుంచి లేచిపోని ఆ ధన్యజీవికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆ స్థానం భర్తీ చేయగలవారు మాలో లేరు. ఈ శుక్రవారం కూడిక మా ఇంట్లోనే. పిల్లలు వస్తారు, తల్లిదండ్రులు చదువు గురించి ప్రార్థించమంటారు. ఆ తర్వాత ఆమె అడిగే ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి. పొద్దుటి నుంచీ నాలో నేనే అడిగి చూసుకుంటున్నాను, ప్రతిసారీ "బాగా చదువుతున్నావా" దగ్గరే ఆగిపోతున్నాను.