దాన్ని వాసన చూడనివ్వండి

తార్నాకలో మా ఫ్లాటు రెండో అంతస్తులో ఉంది. నేను యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను, మావారు కాచిగూడలో బ్యాంకు ఉద్యోగి. పొద్దున మేమిద్దరం తాళం వేసి మెట్లు దిగగానే మా కుక్క ఏడుపు అందుకునేది. క్యాంపస్‌లో హాస్టల్ మెస్ వెనక దొరికిన ఊరకుక్క పిల్ల అది. ఏడాది తిరిగేసరికి నల్లగా నిగనిగలాడుతూ ఎదిగింది. దానికి లోటు చేశామని ఎవరూ అనలేరు. బంతి, రబ్బరు ఎముక, నొక్కితే కీచుమనే బొమ్మ, అన్నీ కొన్నాం. ఒంటరిగా ఉన్నానని అనుకోకూడదని టీవీలో సీరియల్ పెట్టి వెళ్ళేవాళ్ళం. దాంతో కింది ఇంటికి రెండు రకాల ఏడుపులు వినిపించేవి.

కింద ఉండేది తల్లీకూతుళ్ళు. కూతురు సర్కారు ఉద్యోగానికి పరీక్ష రాయాలని ఇంట్లోనే కూర్చుని చదువుతోంది. ఒక సాయంత్రం ఆ తల్లి మెట్ల మీద నన్ను ఆపింది.

"ఏమనుకోకు అక్కా. మీరు పోయిన కాడికెల్లి గా కుక్క మొత్తుకుంటనే ఉంటది. నా బిడ్డ చెవుల్ల దూది పెట్టుకొని చదువుతున్నది. పరీక్ష దగ్గరికొచ్చె."

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని, నా నోరు అంత మంచిదేం కాదు. ఆవిడ బతిమాలుకున్నట్టు అడిగింది. పైకి వచ్చి చూస్తే హాలంతా సోఫా దిండులోని దూది. దాని మధ్య కుక్క తోక ఊపుతూ నిలబడి ఉంది.

మావారు ఆ రాత్రే తేల్చేశారు. ఆయన బ్యాంకులో ఒకాయనకి ఊరి బయట మామిడితోట ఉంది. ఆదివారం బండి పంపి కుక్కని తీసుకెళ్తానన్నాడట. "అక్కడైతే హాయిగా తిరుగుతుందిలే" అన్నారు మావారు, నా మొహం చూడకుండా. తోటలో దాన్ని కాపలాకని గేటు దగ్గర గొలుసుతో కట్టేస్తారని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మర్నాడు ఆయన ట్రైనింగుకని విజయవాడ వెళ్ళారు. అలా కుక్క నడక నా మీద పడింది. అప్పటిదాకా అది ఆయన శాఖ. ఆయనకి షుగర్. చెమట పట్టేలా నడవమని డాక్టరు చెప్పాడు కాబట్టి, తనతోపాటు కుక్కకీ చెమట పట్టిస్తూ క్యాంపస్ రోడ్ల మీద చేతులు విసురుకుంటూ నడిచేవారు. అది ఏ చెట్టు దగ్గర ఆగబోయినా తాడు లాగి "పద, పద" అనేవారు. "అంత దూరం తిప్పుతున్నాను, ఇంకేం కావాలి దానికి?" అని నన్నే అడిగేవారు.

నా మోకాళ్ళకి ఆ వేగం ఎక్కడిది? కుక్క ఆగితే నాకే హాయి, నేనూ ఆగేదాన్ని. మొదటి రోజు అది రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూసేది, తాడు ఎప్పుడు లాగుతారా అని. లాగలేదు. ఇక చూడాలి దాని సంబరం. ఒక స్కూటర్ చక్రం, ఒక గోడ మూల, తర్వాత ఊడ్చి పోగేసిన ఎండుటాకుల గుట్ట. ఆ గుట్టలో ముక్కు పెట్టి ఎంతసేపు నిలబడిందంటే, అటుగా వచ్చిన ఓ పెద్దాయన "ఏమన్న పాయిందా మేడం? ఎతుకుతున్రు" అని అడిగాడు.

నాకు సిగ్గేసింది, జాలీ వేసింది. ఇన్నాళ్ళూ మేము చేసింది, మనిషిని చీరల కొట్టుకి తీసుకెళ్ళి ఒక్క చీరా ముట్టుకోనివ్వకుండా ఇంటికి లాక్కొచ్చినట్టుంది. కాళ్ళు అలిసిపోయేవి గానీ దాని బుర్రకి మేత ఎక్కడ?

ఇంటికొచ్చాక దాని తిండి గిన్నెలో పెట్టడం మానేశాను. చపాతీ ముక్కలు పాత తువ్వాల్లో చుట్టి ముడి వేశాను. కొన్ని కోడిగుడ్ల అట్టలో దాచాను. మొరుగుతుందని ఎప్పుడూ వేసి ఉంచే కిటికీ తెరలు తీసి, వీధిలో ఆటోలు కనబడేలా దివాను అటు జరిపాను. టీవీ కట్టేశాను. అది ముడి విప్పుకుని తిని, ఆటోలు చూసి చూసి నిద్రపోయేదన్నమాట. దిండ్లు బతికిపోయాయి. అయినా నాకు ధైర్యం చాల్లేదు. ఏడుస్తోందో లేదో నేను ఇంట్లో లేనప్పుడు నాకెలా తెలుస్తుంది?

శనివారం సాయంత్రం మావారు తిరిగొచ్చారు. జరిగింది చెబితే "అది నడక కాదు, నిలబడటం" అన్నారు. బండి మాట మాత్రం ఎత్తలేదు. అంతలో తలుపు చప్పుడైంది. కింది ఇంటావిడ. మళ్ళీ ఏడ్చిందని చెప్పడానికే వచ్చిందనుకున్నాను.

ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. "అక్కా, పంపిచ్చేసిన్రా దాన్ని? సప్పుడే లేదు. పంపిచ్చిన్రనే అనుకున్న. ఆ నోరులేని జీవి ఉసురు నా బిడ్డకు తగుల్తదేమో అని నాకు నిద్ర పడ్తలేదు. నా నోటితోనే ఎల్లగొట్టిచ్చిన గదా."

నేను పక్కకి జరిగాను. కిటికీ కింద దివాను మీద కుక్క వెల్లకిలా పడుకుని, కాళ్ళు పైకి పెట్టి గురక పెడుతోంది. ఆవిడ లోపలికి వచ్చి, దాని పక్కన నేల మీద కూలబడి, పొట్ట మీద చెయ్యి వేసింది.

"బతికిచ్చినవ్ బిడ్డా" అంది దానితో.

మావారు ఫోను తీశారు. మా ఎదురుగానే తోట ఆయనకి బండి పంపొద్దని చెప్పారు. పెట్టేశాక కాసేపు కుక్క వైపు చూసి, "రేపటి నుంచి నా నడక నాదే. దీన్ని నువ్వే తిప్పు, ఆగినంతసేపు ఆగనీ" అన్నారు నాతో. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నన్ను ఇంత సంతోషపెట్టిన మాట ఇంకోటి అనలేదు.