పంపరపనసలో పదిహేడు గింజలు

ఆళ్లగడ్డలో మా పెరట్లో ఆరు పంపరపనస చెట్లున్నాయి. ఆరూ మా అత్తగారు పెంచిన ఒకే చెట్టుకు నేను కట్టిన అంట్లు. ఏది ఎప్పుడు పూసింది, ఎన్ని పిందెలు నిలిచాయి, ఎన్ని కాయలు దిగాయి, అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటాను. గింజల సంగతి మాత్రం ఎప్పుడూ రాయలేదు. వాటికి గింజ ఉండేది కాదు.

కాయలన్నీ నంద్యాలలో ఒక పండ్ల వ్యాపారికి వేసేదాన్ని. ఆయన తండ్రి కాలం నుంచి నడుస్తున్న సాయిబుల కొట్టు అది. ఆయన నా కాయలను వేరే గంపలో పెట్టి, "గింజ కనిపిస్తే వాపసు తెండి" అని అమ్మేవాడు. నా మాటను నమ్మి జనానికి ఇచ్చిన మాట.

కిందటేడు దసరా ముందు ఆయన ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి కొట్టు ముందు ఒక టీచరమ్మ నిలబడి ఉంది. ఏళ్ల తరబడి ఆయన దగ్గరే కొనే మనిషి. ఆమె వాపసు తెచ్చిన కాయ బల్ల మీద ఉంది. నేను తొనలు ఒలిచి, గింజలు ఒక్కొక్కటే పక్కన పేర్చాను.

"పదిహేడు" అన్నాను.

పక్క బండి అరటిపండ్లాయన నవ్వాడు. "పెద్దమ్మా, గింజలక్కూడా లెక్క రాస్తాండావా ఏందీ?"

నాకు రోషం వచ్చింది. "నా చెట్లకు ఇన్నేళ్లలో గింజ లేదప్పా. ఈడనే వేరే కాయ కలిసింది. కలిపినోళ్లకు తెలుసు" అని వీధికి వినపడేటట్టు అన్నాను.

"నేను యాడ కలుపుతానమ్మా? మీ సంచులు వచ్చినవి వచ్చినట్టే గంపలో పోస్తి" అన్నాడు వ్యాపారి.

"నా పుస్తకం అబద్ధం చెప్పదు."

టీచరమ్మ మా ఇద్దరినీ చూసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది.

మూడు వారాలకు శిరివెళ్ల నుంచి ఒక నర్సరీ అమ్మాయి అంట్ల కోసం వచ్చింది. ఆమె దగ్గరా అదే ఫిర్యాదు చేశాను. పెరడంతా తిరిగి, కంచె దగ్గర ఆగింది.

"ఇదేందవ్వా?"

"ఎర్ర పంపరపనస. యాగంటికి పోయినప్పుడు తిన్న కాయ గింజ నాటినా."

"ఎప్పుడు పూసింది?"

పుస్తకం తెరిచాను. ఆ సంవత్సరమే తొలి పూత. నా ఆరు చెట్లు పూసిన వారమే. సంబరంగా కింద గీత కూడా గీసుకున్నాను.

"నీ ఆరూ ఒకటే చెట్టు లెక్క కదవ్వా. దాని పుప్పొడి దానికే పట్టదు. పట్టకపోయినా కాయ ఊరుతుంది, గింజ కట్టదు. ఇది పరాయి చెట్టు. తేనెటీగలు దీని పుప్పొడి ఆడికి మోసినాయి, గింజ కట్టింది."

చెట్ల మీద మిగిలిన ఏడు కాయలూ కోశాను. ఏడింటిలోనూ గింజలే. ఆ సంవత్సరం అంతకుముందు ఒక్క కాయనైనా ఇంట్లో కోసి చూడలేదు. ఎన్ని కాయలో లెక్కపెట్టి, సంచులకెత్తి, పంపేశాను.

మర్నాడే నంద్యాల బస్సెక్కాను. అరటిపండ్లాయన అన్నానికి పోయే వేళ చూసుకుని మరీ కొట్టుకు వెళ్లాను. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

వ్యాపారి అంతా విన్నాడు. "ఆ పొద్దు అందరి ముందర అంటిరి. ఈ పొద్దు నా చెవిలో చెప్తాండారు" అన్నాడు. గొంతు పెంచలేదు.

అరటిపండ్లాయన తిరిగొచ్చేదాకా కూర్చుని, అతను రాగానే లేచి, తేనెటీగల సంగతి చెప్పి, తప్పు నాదేనన్నాను.

"అయితే తేనెటీగల మీద కేసు పెడదామా పెద్దమ్మా?" అన్నాడు.

వ్యాపారి నవ్వలేదు. "ఈయనకు చెప్తే ఏమొస్తాది? ఆ టీచరమ్మ మళ్లీ రాలేదు. నన్ను కల్తీ మనిషనుకొని పాయె."

"ఇల్లు యాడో తెలుసా?"

"తెలీదమ్మా. ప్రతి గురువారం వచ్చేది, కొనేది, అంతే."

ఆ తర్వాత వరుసగా నాలుగు గురువారాలు వెళ్లి, సాయంత్రం బస్సు దాకా ఆ కొట్టు ముందు కూర్చున్నాను. దూరాన ఆడమనిషి ఎవరు కనిపించినా లేచి నిలబడేదాన్ని. ఆమె రాలేదు.

నాలుగోసారి ఆయనే, "ఇంక తిరగొద్దులేమ్మా" అన్నాడు. బస్టాండుకు ఆటో కూడా పిలిచాడు. వచ్చే ఏడు కాయలు పంపమని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.