దుమ్ము పట్టిన అద్దం మీద ఎఫెసు

పెద్దక్క పోయింది. మొన్న మంగళవారం పొద్దున ఆవిడ మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు రాజోలు పోస్టాఫీసులో మా వీధి ముసలాయనకి ఏదో కాగితం నింపి పెడుతున్నాను. "సరేనమ్మా, బయల్దేరతాను" అని ఫోన్ పెట్టేసి మళ్ళీ కాగితం మీదికి వంగాను. ముసలాయన తండ్రి పేరు రాయాల్సిన చోట పెద్దక్క పేరు రాసేశాను. ఆయన వెళ్ళి ఇంకో కాగితం తెచ్చుకున్నాడు. నా చేతిలో ఆ పెన్ను ఉందంటే అది ఆవిడ చలవే. ఆ సంగతి పోస్టాఫీసులో ఎవరికి చెప్పుకోను? అందుకే మీకు చెబుతున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. బహ్రెయిన్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసం మొత్తానికి పెద్దక్క. సౌదీకి సముద్రం మీద వంతెన ఇంకా కడుతున్న రోజులవి. మహూజ్‌లో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో ఆవిడకి పని. ఇంజనీరు గారి తల్లి చక్రాల కుర్చీలో ఉండేది. ఆ ముసలమ్మకి స్నానం, తిండి, మందులు అన్నీ పెద్దక్కే చూసుకునేది. ఆ ప్రహరీకి ఇవతల ఒక అరబ్బు ఇంట్లో నేను పనిమనిషిని. ఇరవై నాలుగేళ్ళదాన్ని. ఐదేళ్ళ కూతుర్ని మా చెల్లి దగ్గర వదిలి వచ్చాను. శుక్రవారం సెలవు కాబట్టి మా ఆరాధనా శుక్రవారమే, నయీమ్‌లో ఒక సామాన్ల కొట్టు పైగదిలో.

అప్పటికి నాకు చదవడం, రాయడం రాదు. అది అక్కడ ఎవరికీ తెలియకుండా ఏడాదిపాటు నెట్టుకొచ్చాను. చెల్లి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే శుక్రవారం దాకా కొంగున దాచుకుని, ఆరాధన అయ్యాక ఎవరో ఒకరి చేతిలో పెట్టి, కళ్ళు లాగేస్తున్నాయి కాస్త చదివి పెట్టమనేదాన్ని. ఇరవై నాలుగేళ్ళకి ఏం కళ్ళు లాగుతాయో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఉత్తరం కింద మా పాప కూడా ఏదో రాసేది. చదివేవాళ్ళంతా అక్కడికొచ్చేసరికి, కింద పిల్లెవరో గీసిందమ్మా అని మడిచి ఇచ్చేసేవాళ్ళు. పాప ఏం గీసిందో చదవమని బతిమాలితే నా బండారం బయటపడుతుందని నోరు మూసుకునేదాన్ని. గదికెళ్ళి ఆ వంకర గీతల మీద వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. నాకు వాటికంటే కావలసింది ఆ దేశంలో ఇంకేదీ లేదు.

ఇలా ఉండగా ఇంజనీరు గారు తల్లి ఎనభయ్యో పుట్టినరోజుకని ఏప్రిల్ నెలలో ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. ఏథెన్సు దాకా విమానం, అక్కణ్ణుంచి పెద్ద పెద్ద షావుకార్లు వెళ్ళే ఓడలో గ్రీసు రేవులూ, తుర్కీ రేవులూ. ముసలమ్మతో పెద్దక్క కూడా వెళ్ళాలి. ఏయే ఊళ్ళని అడిగితే ఆవిడ పేర్లు చెప్పింది. పత్మాసు, ఎఫెసు, స్ముర్న, రొదు. మా గదిలో ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచేశారు. అవి మాకు బైబిలు వాక్యంలో వినే ఊళ్ళు, అపొస్తలులు నడిచిన ఊళ్ళు. టిక్కెట్ కొనుక్కుని వెళ్ళగలిగే ఊళ్ళని మాలో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు.

ఇంక చూడండి హడావిడి. ఒకరికి ఎఫెసు మట్టి కావాలి, ఒకరికి ఒలీవ ఆకు కావాలి. సంఘపెద్ద గారు ఇంకో అడుగు ముందుకేసి, అందరూ ప్రార్థన చీటీలు రాసివ్వండి, పెద్దక్క ఎఫెసులో నిలబడి చదువుతుంది అన్నారు. చీటీలు రాయడం మాకు అలవాటే. ఎవరి అక్కర వాళ్ళు రాసి ఇస్తే పెద్దక్క ఒక్కొక్కటీ చదివి ప్రార్థించి, ఏదీ తప్పిపోకుండా మూల పెన్సిలుతో రైటు కొట్టేది. మామూలుగా నేను ఆ వేళకి వంటగదిలో దూరిపోయేదాన్ని. ఆ శుక్రవారం మాత్రం సంఘపెద్ద గారు పాలపొడి డబ్బా పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డారు. అందులో చీటీ వెయ్యకుండా ఎవర్నీ కదలనివ్వలేదు. నా సంచిలో మా ఇంటి అరబ్బీ కేలండర్ నుంచి చింపిన కాగితం ఒకటుంది. గోడవైపు తిరిగి, దాని వెనకవైపు రాస్తున్నట్టు చెయ్యి ఆడించి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేసేశాను. ఖాళీ కాగితం. దేవుణ్ణే మోసం చేశానని ఆ వారమంతా అన్నం సయించలేదు.

పెద్దక్క తిరిగొచ్చాక ఓడ కబుర్లు ఎన్ని చెప్పిందో. నడవాలో నడిస్తే అడుగు చప్పుడు కాకుండా తివాచీలట. రోజుకి ఆరుసార్లు తిండి, అందులో చారు తప్ప అన్నీ ఉన్నాయట. మంచుగడ్డతో హంసని చెక్కి బల్ల మీద నిలబెట్టారట, అది కరిగి కరిగి భోజనాలయ్యేసరికి బాతైందట. గోంగూర పచ్చడి సీసా మూత తీస్తే ఓడ కుర్రాడొకడు ఏదో కాలిపోతోందని పరుగెత్తుకొచ్చాడట. ఈవిడ అతనికీ కాస్త నాకించి పంపిందట. తెల్లచీర కట్టుకుని ముసలమ్మ కుర్చీ తోస్తుంటే ఎవరో గొప్పింటావిడ అనుకుని షావుకార్లు దారిచ్చేవారట. "నేనూ అలాగే తలెత్తుకుని నడిచాను, నాకేం" అంటూ నవ్వేది.

కానీ ఆ కబుర్లన్నీ తర్వాత. తిరిగొచ్చాక మొదటి శుక్రవారం అందరి ముందూ ఆవిడ సాక్ష్యం. గది నిండిపోయింది. మామీర్ కూలీల క్యాంపు నుంచి తెలంగాణ అన్నలు కూడా ఇద్దరొచ్చారు. వాళ్ళకి మా దేవుడితో పని లేకపోయినా తెలుగు మాట వినిపిస్తుందనీ, అన్నం పెడతారనీ వచ్చేవాళ్ళు. ఎఫెసు వీధుల్లో నడిచి వచ్చిన మన సహోదరి అని సంఘపెద్ద గారు పెద్దక్కని పిలిచారు. ఆవిడ లేచి నిలబడి చీర సర్దుకుంది.

"నేను ఎఫెసు చూళ్ళేదండి" అంది.

ఆవిడే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఓడ ఆ రేవులో ఆగిన పొద్దున ముసలమ్మకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఇంజనీరు గారు మంచివాడు, అమ్మ దగ్గర నేనుంటాను, నువ్వు బస్సెక్కమన్నాడు. కానీ ముసలమ్మ ఈవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. వేరేవాళ్ళు నీళ్ళు పడితే తాగలేదు. ఈవిడ ఉండిపోయింది. గుండ్రటి కిటికీలోంచి ఒక కొండా, దాని కింద బస్సులూ కనపడ్డాయి. ఎఫెసు అక్కణ్ణుంచి కనపడను కూడా కనపడదట. చీటీలు గదిలోనే చదివింది. గట్టిగా చదివితే ముసలమ్మ లేస్తుందని స్నానాలగదిలో కూర్చుని చదివింది. ఇంజనీరు గారు జాలిపడి ఎఫెసువీ మిగతా ఊళ్ళవీ తెచ్చిన బొమ్మల కార్డులు చేతిలో ఉన్నాయి. "నేను చూసింది ఇవే. మీరూ చూడండి" అని అందరి చేతికీ ఇచ్చి చూపించి తిరిగి తీసుకుంది.

సంఘపెద్ద గారి మొహం వాడిపోయింది. మట్టి అడిగినావిడ మూతి ముడుచుకుంది. క్యాంపు నుంచి వచ్చిన అన్న ఒకాయన పాపం బాధపడి, "గింత దూరం పోయి సూడకుంటనే అచ్చినవా అక్కా" అన్నాడు. అవును తమ్ముడూ అని ఆవిడ కూర్చుంది. అందరికంటే ఎక్కువ కోపం నాకొచ్చింది. చేతిలో బొమ్మలున్నాయి, చూశానంటే కాదనేవాళ్ళు లేరు, ఇంకో ఇరవై ఏళ్ళు ఆ గొప్ప చెప్పుకుని బతకొచ్చు. నేనైతే చెప్పేసేదాన్ని. వారం వారం కళ్ళు లాగుతున్నాయని చెబుతున్నదాన్ని కదా. ఇంత వీలుగా దొరికిన అబద్ధాన్ని ఈవిడ ఎందుకు వదులుకుందని ఒళ్ళు మండిపోయింది.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కేలండర్ కాగితం నీదే కదా అని అడిగింది. అరబ్బు ఇంట్లో పని చేసేది మాలో నేనొక్కదాన్నే, దొరికిపోయాను. అయినా బుకాయించాను. ఇంట్లో ఇంకో కాగితం దొరకలేదన్నాను. ఆవిడ కోప్పడలేదు. కింద కొట్టు ముందు బియ్యం బస్తాల పక్కన నన్ను నిలబెట్టింది.

"చూళ్ళేదని నేను ఇందరి ముందు చెప్పానే. రాదని నువ్వు నా ఒక్కదానికీ చెప్పలేవా?"

"రాదు పెద్దక్కా" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నోటితో అనడం అదే మొదలు. బస్తా మీద తల పెట్టుకుని ఏడ్చాను. కొట్టతను మలయాళీ, ఏమైందో తెలీక ఒక కూల్‌డ్రింకు తెచ్చిచ్చాడు. కాస్త తేరుకున్నాక నా చీటీ నాకిచ్చెయ్యమన్నాను. "దేవుడికిచ్చింది వెనక్కి అడుగుతావేంటే" అని నవ్వింది తప్ప ఇవ్వలేదు.

మర్నాటి నుంచే చదువు. మధ్యాహ్నం రెండిళ్ళవాళ్ళూ పడుకుంటారు, మాకు ముప్పావుగంట దొరికేది. ఇంజనీరు గారి పాతకారు ఒకటి ప్రహరీ పక్కన నీడలో ఉండేది. ఆ ఊరి దుమ్ము సంగతి అక్కడున్నవాళ్ళకి తెలుసు, పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి అద్దం మీద పిండి జల్లినట్టు ఉంటుంది. అదే నా పలక. ఒక్కో బొమ్మకార్డు వెనక ఆ ఊరి పేరు తెలుగులో రాసి తెచ్చేది. నేను చూసి అద్దం మీద వేలితో రాసేదాన్ని. అందరూ అఆలతో మొదలుపెడితే నేను ఎఫెసుతో మొదలుపెట్టాను. రొదు రెండు రోజుల్లో వచ్చేసింది. పత్మాసుకి వారం. స్ముర్న దగ్గర మాత్రం నెల్లాళ్ళు ఆగిపోయాను, ఓడ అక్కడ ఒక్క పూటే ఆగిందట. ఆ ఊరికా పేరు పెట్టినవాణ్ణి తిట్టని రోజు లేదు. ఊళ్ళ పేర్లు అయ్యాక మిగతా అక్షరాలు కూడా ఆ అద్దం మీదే. తప్పు రాసి నాలుక కరుచుకుంటే, "దుమ్మే కదే, తుడిచెయ్" అనేది. సరిగ్గా రాస్తే పక్కన వేలితో రైటు కొట్టేది. ఆ రైటు కోసం నేను ఎండలో పరుగెత్తుకెళ్ళేదాన్ని.

చలికాలం మొదలయ్యేసరికి చెల్లి ఉత్తరం వచ్చింది. శుక్రవారం దాకా ఆగలేదు. వంటగదిలో గ్యాసు బండ పక్కన కూర్చుని, పైన చెల్లి రాసిందంతా వదిలేసి, కింద గీతల దగ్గరికెళ్ళాను. కూడబలుక్కుని కూడబలుక్కుని చదివాను. "అమ్మా నా పలక పగిలింది." అంతే ఉంది. ఎన్ని ఉత్తరాల్లో ఎన్ని చెప్పుకుందో, ఎవరూ నాకు చదివి పెట్టలేదు. ప్రహరీ దగ్గరికి పరుగెత్తి పెద్దక్కని కేకేశాను. ఆవిడ చేతికి సబ్బునురగతోనే వచ్చి ఆ ఒక్క ముక్క నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఆ సాయంత్రం నా జవాబు నేనే రాశాను. "కొత్త పలక కొనమని పిన్నికి చెప్పు. ఇట్లు, అమ్మ." అందులో తప్పులున్నాయట, మా పాప పెద్దయ్యాక చెప్పింది.

ఆ ముసలమ్మ పోయాక పెద్దక్క పాలకొల్లు వచ్చేసింది. ఇంకొన్నాళ్ళకి నేనూ వచ్చేశాను. కలిసి బస్సెక్కితే దారిలో బోర్డులన్నీ నా చేత చదివించేది, నాకు యాభై ఏళ్ళు దాటాక కూడా. ఎఫెసు చూడనందుకు బాధ లేదా అని ఒకసారి అడిగాను. ఎందుకు లేదు, ఉంది, ఆ పూట ముసలమ్మ మీద కోపం కూడా వచ్చింది అంది. ఆ మాట అన్నందుకు ఆవిడంటే నాకు మరింత ఇష్టమైంది.

నిన్న పాలకొల్లులో సమాధి కార్యక్రమం అయ్యాక మనవరాలు పెద్దక్క చదువుకునే నల్ల అట్ట పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. అందులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసింది. పచ్చబడిపోయి మడతల దగ్గర చిరుగుతోంది. "ఇది అరబ్బీలో ఉంది అమ్మమ్మగారూ. మీరు అక్కడున్నారు కదా, ఏం రాసుందో చదువుతారా?" అంది.

"అరబ్బీ నాకు రాదమ్మా" అన్నాను. ఇప్పుడా మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో.

కాగితం వెనక్కి తిప్పాను. ఆ పక్కన ఏమీ లేదు, నేను గోడవైపు తిరిగి చెయ్యి ఆడించిన పక్క. ఒక్క అక్షరం లేదు. మూల మాత్రం పెన్సిలుతో చిన్న రైటు కొట్టి ఉంది.