ఎండలో పెట్టిన పాట

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. తడిసిన గోనెసంచిలా అది ఏడాదికేడాది బరువెక్కిందే గాని తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అనకాపల్లిలో ఒక బెల్లం వ్యాపారి ఇంట్లో పనిచేస్తున్నాను. ఆ బాబుగారికి పాత పాటల యంత్రాలంటే పిచ్చి. గ్రామఫోన్ కంటే ముందువి. వాటిలో పాట పళ్లెం మీద కాదు, చేతిలో పట్టేంత మైనపు గొట్టం మీద సన్నటి గీతల్లో ఉంటుంది. ఆయన వాటిని సిలిండర్లు అనేవారు. నాకు తెలిసిన సిలిండరు గ్యాసుదొక్కటే. గొట్టాలు పెట్టే ప్రతి డబ్బా మీదా జాగ్రత్తలు రాసుంటాయి కాబట్టి అవి ఉండే గది తుడిచే మనిషికి చదువు రావాలన్నారు. వచ్చన్నాను. అప్పటికి నాది వేలిముద్ర.

ఒక వానాకాలం, బీరువా సర్దుతుంటే ఒక గొట్టం మీద తెల్లగా బూజు కనిపించింది. గొట్టం అచ్చంగా బెల్లం రంగు. పెళ్లికి ముందు నేను బెల్లం కొట్లో పనిచేశాను. దిమ్మకు బూజు పడితే తడిగుడ్డతో తుడిచి కాసేపు ఎండ చూపించేవాళ్లం. నా చేతులకు తెలిసిన పని అదే. వాన తెరిపిచ్చింది కదా అని గొట్టాన్నీ అలాగే తుడిచి మేడ మీద పెట్టాను. తీసేసరికి పైనున్న గీతలన్నీ కలిసిపోయి నున్నగా ఉంది. శుభ్రపడిందనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక అప్పుడే అనుమానం వచ్చినా కాదనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాడు బాబుగారు దాన్ని యంత్రానికి తొడిగారు. గరగర తప్ప ఏమీ రాలేదు. అది వాళ్లమ్మగారు పాడిన పాట. ఆవిడ పోయి ఏడాది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ముందురోజు పొద్దున యంత్రానికి సూది మార్చిన ఖాదర్ సాయిబు కూడా అక్కడే ఉన్నాడు.

"ఎండ తగలనివ్వొద్దని డబ్బా మీద రాసే ఉంది. ఎవరు ముట్టుకున్నారు?" అన్నారు బాబుగారు.

"నాకు సదువొచ్చు కదండీ. అంతలా రాసుంటే సూసుకోనేటి?" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "నిన్న సూది మార్సింది సాయిబుగారే కదండీ."

"సూదైతే గీరుతాది బాబూ. ఇలా నున్నగా సేత్తాదేటి?" అన్నాడు ఖాదర్.

బాబుగారు వినలేదు. "ఇంక ఈ గుమ్మం ఎక్కకు ఖాదరూ" అన్నారు.

అతను తన సంచి సర్దుకున్నాడు. పోతూ నా దగ్గర ఆగాడు. "బాగా సదువుకున్నావమ్మా" అన్నాడు.

అతనికి తెలిసిపోయింది. తెలిసీ ఎందుకు చెప్పలేదు? చెప్పినా నమ్మరనా, లేక నా కూడు పోతుందనా? మొదటిదే అయి ఉండాలని ఇన్నేళ్లూ కోరుకున్నాను.

అలాంటి యంత్రాలు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేవు. తర్వాత అతను సబ్బవరం బస్టాండు దగ్గర మిక్సీలు బాగుచేస్తూ కనిపించాడు. నేను తలకు కొంగు కప్పుకుని బస్సెక్కేశాను.

అరవై దాటాక, చర్చి వెనక రేకుల షెడ్డులో ఆడవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లాను. దేవుని వాక్యం చదువుకోడానికని అందరికీ చెప్పాను. అదీ అబద్ధమే. నాకు ఆ డబ్బా చదవాలి. బాబుగారు దాన్ని పారేయలేదు. పోయిన నెల, గదిలో ఎవరూ లేనప్పుడు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను.

"అమ్మ పాట. ఎండ తగలనివ్వొద్దు." దాని కింద చిన్నగా ఇంకో మాట. "పాట పట్టినది ఖాదర్."

ఆ ముసలావిడ ముందు యంత్రం పెట్టి, పాడించి, ఆ గొంతును మైనం మీదికి ఎక్కించింది అతనే. తను చేసినదాన్ని తనే పాడుచేశాడన్న నింద నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఖాదర్ రెండేళ్ల క్రితం చనిపోయాడు. బాబుగారు ఉన్నారు, రోజూ నా చేతి కాఫీయే తాగుతారు. రేపు ఆయనకు చెబుతానని మీకు మాటివ్వను. ఇన్ని అబద్ధాల మీద ఇంకొకటి వద్దు. కానీ ఆ రోజు ఆ గదిలో అనాల్సిన మాట ఒకటుంది. దాన్ని ఇక్కడ నా చేత్తో రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

నాకు సదువు రాదు బాబూ. ఎండలో నేనే పెట్టేను.