పాలకవర్గంలో నా కుర్చీ

నేను ఐదో తరగతితో బడి మానేశాను. రాయడం ఇదే మొదలు. అక్షరాలు అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

ఈ ఉదయం క్యాను మూత తీయగానే పచ్చిపాల వాసనకి, నాకు తొమ్మిదేళ్లున్నప్పటి సంగతి గుర్తొచ్చింది. చీపురుపల్లి దగ్గర మా ఊరి పాల సొసైటీకి రోజూ పాలు నేనే మోసేదాన్ని. ఒకరోజు మీటింగులో ప్రెసిడెంటు తాత, "ఈసారి పాలకవర్గంలోకి కుర్రోళ్లు రావాల. ఎవులొస్తారో సెప్పండి," అన్నాడు.

పాలకవర్గమంటే పాలు మోసేవాళ్ల జట్టని అనుకున్నాను. నా చోటు ఇంకెవరైనా పట్టుకుపోతారేమోనని భయమేసి చెయ్యెత్తాను.

"ఏటే, నువ్వా?" అన్నాడు తాత.

"రోజూ పాలు నేనే కదా తెస్తన్నాను తాతా. మా అన్న తొంగుంటాడు."

అందరూ నవ్వారు. అన్న తల దించుకున్నాడు.

"దీనికున్న బుద్ధి మీకు లేదేటిరా? ఒసే, పెద్దయ్యాక రా. నీ కుర్సీ ఎక్కడికీ పోదు," అన్నాడు తాత.

ఏ కుర్చీయో చూపించమన్నాను. గోడ పక్కనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీ చూపించాడు.

నిరుడు నన్ను పాలకవర్గంలోకి ఎన్నుకున్నారు. పాలకవర్గమంటే పెత్తనం చేసేవాళ్లని ఈలోగా తెలిసింది. అయినా మీటింగుకి పాలు మోసుకునే వెళ్తాను.

తప్పులుంటే మన్నించండి. పాలకవర్గం అన్న మాట మాత్రం ముగ్గుర్ని అడిగి సరిగ్గానే రాశాను.